హంతకుడి తెలివికి ఇచ్చే కితాబు వెనుక దాగిన నిర్లక్ష్యం

వరుస హత్యల వార్త వెలువడిన ప్రతిసారీ చర్చల్లో ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: ఇది పక్కా పథకం వేసుకున్న మేధావి పనా, అదుపు తప్పిన ఉన్మాది పనా? ఈ ప్రశ్నకు నలభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అమెరికాలో ఎఫ్‌బీఐకి చెందిన రాయ్ హేజెల్‌వుడ్, జాన్ డగ్లస్ 1980లో ఆ సంస్థ పత్రికలో రాసిన వ్యాసంతో ఆర్గనైజ్డ్, డిసార్గనైజ్డ్ అనే విభజన ప్రచారంలోకి వచ్చింది. ప్రణాళికాబద్ధ నేరస్థుడు, అస్తవ్యస్త నేరస్థుడు అన్నమాట. క్వాంటికోలోని ఎఫ్‌బీఐ అకాడమీలో శిక్షణ పాఠమైంది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, సినిమాల పుణ్యమా అని ఇంటింటికీ చేరింది. దర్యాప్తు నుంచి దీన్ని పూర్తిగా పక్కన పెట్టాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయిందని నా వాదన.

ఈ విభజన ఏమి చెబుతుందో పాఠకులకు తెలిసిందే. ప్రణాళికాబద్ధ హంతకుడు సగటుకు మించిన తెలివిగలవాడు, మాటకారి, నైపుణ్యమున్న ఉద్యోగి, భార్యతోనో సహచరితోనో కలిసి ఉంటాడు, నడిచే స్థితిలో ఉన్న కారు ఉంటుంది, తన నేరం గురించిన వార్తలను శ్రద్ధగా చదువుతాడు. అపరిచితురాలిని ఎంచుకుంటాడు, ఆయుధాన్ని వెంట తెచ్చి వెంట తీసుకుపోతాడు, శవాన్ని దాచేస్తాడు. అస్తవ్యస్త హంతకుడు దీనికి తలకిందులు: తెలివి తక్కువ, ఒంటరి, నేరస్థలానికి దగ్గర్లోనే మకాం, చేతికందిన వస్తువుతో హఠాత్తుగా దాడి, శవం పడినచోటే వదిలేయడం. నేరస్థలాన్ని చూస్తే మనిషి తెలుస్తాడన్నది దీని హామీ.

ఆ హామీకి పునాది 36 మంది ఖైదీలు. రాబర్ట్ రెస్లర్, డగ్లస్, నర్సింగ్ ప్రొఫెసర్ ఆన్ బర్జెస్ బృందం జైళ్లలో ఉన్న 36 మంది లైంగిక హంతకుల సమాచారాన్ని, వారి చేతుల్లో బలైన 118 మంది వివరాలను సేకరించింది. వారిలో 24 మందిని ప్రణాళికాబద్ధులుగా, 12 మందిని అస్తవ్యస్తులుగా లెక్కగట్టారు. వీరంతా దొరికిపోయినవారు, మాట్లాడటానికి ఒప్పుకున్నవారు. పోల్చి చూడటానికి మరో సమూహం లేదు. అంతకన్నా ముఖ్యంగా, విభజన 1980లోనే అచ్చయింది, గణాంకాలు ఆ తర్వాత వచ్చాయి. ముందే గీసుకున్న రెండు గళ్లలో మనుషులను సర్ది, సర్దిన తీరునే రుజువుగా చూపిస్తే దాన్ని శాస్త్రమని ఎలా ఒప్పుకుంటాం?

అసలు ఇబ్బంది ఇంకా లోతుగా ఉంది. నేరస్థలాన్ని హంతకుడు ఒక్కడే తయారుచేయడు. గది చిందరవందరగా ఉందంటే బాధితురాలు ప్రాణాలకు తెగించి పెనుగులాడి ఉండవచ్చు. ఎవరో వస్తున్న అలికిడికి అతడు సగంలో పారిపోయి ఉండవచ్చు. తాగి ఉండవచ్చు. శవం పడినచోటే ఉందంటే అది అతని మనస్తత్వానికి గుర్తా, లేక చేతిలో వాహనం లేకపోవడానికి గుర్తా? అంతా శుభ్రంగా ఉందంటే అతడు మేధావి అనుకోవాలా, లేక రాత్రంతా ఆ దారిన ఎవరూ రాలేదనుకోవాలా? చీకటి, సమయం, అదృష్టం, ఎదురుతిరిగిన మనిషి ధైర్యం, ఇవన్నీ కలిసి తయారుచేసిన దృశ్యాన్ని తీసుకెళ్లి ఒక మనిషి స్వభావంగా చదవడమే ఈ పద్ధతిలోని మౌలిక దోషం. మనిషి ప్రవర్తనలో సందర్భం పాత్ర ఎంత పెద్దదో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ 1968లోనే గట్టిగా వాదించారు. ప్రొఫైలర్లు, అంటే నేరస్థలాన్ని బట్టి నేరస్థుడి చిత్రం (ప్రొఫైల్) గీసే నిపుణులు, ఆ చర్చను పట్టించుకున్న దాఖలా వారి విభజనలో కనిపించదు.

ప్రణాళికాబద్ధ హంతకుడికి నమూనాగా అందరూ చూపే టెడ్ బండీనే తీసుకోండి. 1974 జూలైలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక సరస్సు ఒడ్డున, పట్టపగలు, జనం మధ్య, చేతికి కట్టు వేసుకుని సాయం కోరే నెపంతో ఒకే రోజు ఇద్దరు యువతులను అపహరించాడు. పథకం, నటన, మాటకారితనం అన్నీ ఉన్నాయి. అదే మనిషి 1978 జనవరిలో ఫ్లోరిడాలో విద్యార్థినుల వసతి గృహంలోకి చొరబడి, కట్టె దుంగతో నిద్రలో ఉన్నవారిపై విరుచుకుపడ్డాడు. నిమిషాల వ్యవధిలో నలుగురిపై దాడి చేశాడు, ఇద్దరు చనిపోయారు. అక్కడితో ఆగక కొద్ది దూరంలో మరో ఇంట్లో ఇంకొకరిని గాయపరిచాడు. రెండో ఘటనను మాత్రమే చూసిన ప్రొఫైలర్ ఏ బొమ్మ గీసేవాడు? జైలు నుంచి పారిపోయాక అతని మనసు అదుపు తప్పిందని సమర్థకులు వివరణ ఇస్తారు. సరే, ఒప్పుకుందాం. మనిషి ఒకటే అయినా గుర్తులు మారిపోతాయని అప్పుడు వారే ఒప్పుకున్నట్టయింది. ఇక గుర్తుల నుంచి మనిషిని ఊహించడం ఎలా సాధ్యం?

పరిశోధకులు ఈ విభజనను పరీక్షకు పెట్టినప్పుడు అది నిలవలేదు. బ్రిటన్‌కు చెందిన డేవిడ్ కాంటర్ బృందం 2004లో 100 మంది అమెరికన్ సీరియల్ కిల్లర్ల హత్యలను తీసుకుని, 39 లక్షణాలలో ఏవి కలిసి కనిపిస్తున్నాయో విశ్లేషించింది. రెండు గుంపులు బయటపడలేదు. ప్రణాళికకు గుర్తుగా చెప్పేవి దాదాపు అన్ని వరుస హత్యల్లోనూ ఎంతో కొంత ఉన్నాయి. అస్తవ్యస్తమనే లక్షణాలు అరుదుగా, ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉన్నాయి. అంతకు రెండేళ్ల ముందు ఆండ్రియాస్ మోక్రోస్, లారెన్స్ అలిసన్ బ్రిటన్‌లో 100 మంది అత్యాచార నేరస్థులను పరిశీలించారు. నేరం చేసిన తీరు ఒకేలా ఉన్నవారి వయసు, ఉద్యోగం, పాత నేరచరిత్ర కూడా ఒకేలా ఉంటాయేమోనని చూస్తే, అలాంటి సంబంధమేదీ కనబడలేదు. ఎఫ్‌బీఐ నిపుణులు 1992లో తెచ్చిన నేర వర్గీకరణ గ్రంథంలో ‘మిశ్రమం’ అనే మూడో గడి చేరింది. రెండింటిలో ఇమడని ప్రతివాడినీ మూడోదాంట్లో వేసుకునే వీలుంటే ఆ సిద్ధాంతాన్ని తప్పని ఎవరూ ఎప్పటికీ నిరూపించలేరు.

సమర్థకుల మాటా వినాలి. ప్రొఫైల్ ఎవరి పేరూ చెప్పదని, అనుమానితుల జాబితాను కుదించడానికే పనికొస్తుందని వారంటారు. 1978లో శాక్రమెంటోలో రిచర్డ్ చేజ్ హత్యల సమయంలో వేసిన అంచనాను ఉదాహరణగా చూపుతారు: బక్కచిక్కిన, తీవ్ర మానసిక రోగి అయిన శ్వేతజాతి యువకుడు, దగ్గర్లోనే ఒంటరిగా ఉంటాడు అన్నారు, అలాగే తేలింది. నిజమే. కానీ చాలామంది నేరస్థులు తమ నివాసానికి దగ్గర్లోనే నేరం చేస్తారన్నది ఏ ప్రొఫైల్ లేకుండానే తెలిసిన సంగతి. చేజ్ ఆచూకీ దొరకడానికి దారి చూపింది అతన్ని గుర్తుపట్టిన పాత సహవిద్యార్థిని.

అయినా పోలీసులు దీన్ని ఎందుకు నమ్ముతున్నారు? అలిసన్ బృందం 2003లో చేసిన ఒక ప్రయోగం దీనికి జవాబిస్తుంది. ఒక ప్రొఫైల్‌ను రెండు బృందాల అధికారుల చేతికిచ్చి, ఒక బృందానికి అసలు నేరస్థుడి వివరాలను, మరో బృందానికి పూర్తిగా కల్పించిన, భిన్నమైన నేరస్థుడి వివరాలను చూపారు. రెండు బృందాల్లోనూ సగానికి మించినవారు ప్రొఫైల్ చాలావరకు సరిపోయిందన్నారు. పత్రికలో వారఫలాలు చదివి ‘అచ్చం నా గురించే రాశారు’ అనుకునే తీరు ఇది. వారఫలాలు తప్పితే ఎవరూ జైలుకు వెళ్లరు. దర్యాప్తు తప్పితే వెళతారు, అసలువాడు బయట తిరుగుతాడు.

1992 జూలైలో లండన్‌లోని వింబుల్డన్ కామన్‌లో ఒక యువతి హత్యకు గురైంది. అక్కడ నిపుణుడు గీసిన మానసిక చిత్రం ఈ రెండు రకాల పద్ధతికి చెందినది కాకపోయినా, దాన్ని నడిపించిన నమ్మకం ఒకటే. ఆ చిత్రానికి సరిపోయాడని ఒక అమాయకుడి వెంట పోలీసులు నెలల తరబడి పడ్డారు, వలవేసి మాటలు రాబట్టడానికి ఒక మహిళా అధికారిని మారుపేరుతో పంపారు. 1994లో న్యాయమూర్తి ఆ సాక్ష్యాన్ని కొట్టిపారేశారు. ఈలోగా 1993 నవంబరులో అసలు హంతకుడు రాబర్ట్ నాపర్ ఒక తల్లిని, ఆమె నాలుగేళ్ల కూతురిని చంపేశాడు. తన కొడుకు ఒక అత్యాచారం చేసినట్టు ఒప్పుకున్నాడని 1989లోనే నాపర్ తల్లి పోలీసులకు ఫోన్ చేసి చెప్పింది. ఆ ఫోన్‌ను ఎవరూ చివరిదాకా పట్టుకెళ్లలేదు. నన్ను కలవరపెట్టేది ఇదే. నిపుణుడి ఊహకు దొరికిన గౌరవంలో పదో వంతు ఆ తల్లి మాటకు దొరికి ఉంటే ముగ్గురు బతికేవారేమో.

ఇక్కడే ప్రొఫైలింగ్ కన్నా పెద్ద విషయానికి వస్తాం. ఒక హంతకుడు ఏళ్ల తరబడి దొరక్కపోతే, అతడు అంత తెలివైనవాడని చెప్పుకోవడం వ్యవస్థలకు ఎంతో సౌకర్యం. సియాటిల్ ప్రాంతంలో గ్రీన్ రివర్ హత్యలు చేసిన గ్యారీ రిడ్జ్‌వే 1982 నుంచి 2001 దాకా దొరకలేదు. 49 హత్యల్లో అతనికి శిక్ష పడింది. ఇతనికి ఐక్యూ సగటు కన్నా బాగా తక్కువ, బడిలో వెనకబడ్డవాడు. ట్రక్కులకు రంగులు వేసే ఉద్యోగంలో దశాబ్దాలు గడిపాడు, మూడు పెళ్లిళ్లు చేసుకున్నాడు. స్థిరమైన కొలువు, సంసారం ఒక గడిలోకి లాగుతాయి, మందబుద్ధి రెండో గడిలోకి. 1983లోనే ఒక అమ్మాయి ఎక్కిన వాహనాన్ని ఆమె ప్రియుడు, తండ్రి వెతికి పట్టుకుని ఈ మనిషి ఇంటిని పోలీసులకు చూపించారు. పోలీసులు వెళ్లారు, అతడు తనకేమీ తెలియదన్నాడు, తిరిగొచ్చారు. ఇరవై ఏళ్ల మనుగడకు కావలసిన తెలివి అంతే.

ఎవరిని ఎంచుకున్నాడో రిడ్జ్‌వే కోర్టుకిచ్చిన వాంగ్మూలంలో తానే చెప్పాడు: వేశ్యలు కనబడకపోతే వెంటనే ఎవరూ ఫిర్యాదు చేయరని, అసలు చేయకపోవచ్చని తనకు తెలుసన్నాడు. ఈ ఒక్క వాక్యం మొత్తం ప్రొఫైలింగ్ సాహిత్యం కన్నా ఎక్కువ చెబుతుంది. హంతకుడు చదివింది మన మనసును. ఎవరి చావు మనల్ని కదిలించదో వాడికి తెలుసు. శామ్యూల్ లిటిల్ 93 హత్యలు ఒప్పుకున్నాడు, అందులో 50 వరకు నిర్ధారించామని 2019లో ఎఫ్‌బీఐ ప్రకటించింది. 1970 నుంచి 2005 దాకా, రాష్ట్రం తర్వాత రాష్ట్రం. అతని బాధితుల్లో మాదకద్రవ్యాలకు బానిసలైనవారు, వేశ్యలు, పేద నల్లజాతి మహిళలు ఎక్కువ. చాలా మరణాలను మోతాదు మించిన మత్తు అనో, ప్రమాదమనో రాసి ఫైలు మూసేశారు. హత్యగానే నమోదు కాని చావుకు ప్రొఫైల్ ఎవరు గీస్తారు? ఇలాంటివారు బతికుండగానే సమాజం లెక్కలో లేరని, అందుకే వారి మరణం దర్యాప్తును కదిలించదని నేరశాస్త్రవేత్త స్టీవెన్ ఎగ్గర్ ఏళ్ల క్రితమే హెచ్చరించారు. ప్రణాళికాబద్ధ నేరస్థుడి లక్షణాల పట్టికలో మాత్రం ఈ ఉదాసీనతకు ఒక్క వరుస కూడా లేదు. అతని మేధస్సుకు ఉంది.

2009లో డెట్రాయిట్ పోలీసుల గోదాములో 11 వేలకు పైగా అత్యాచార పరీక్షల కిట్లు, అంటే బాధితుల శరీరం నుంచి సేకరించిన ఆధారాల పెట్టెలు, ఎవరూ పరీక్షించనివి, దొరికాయి. ఒక్కొక్కటి ఒక మహిళ గంటల తరబడి ఓర్చుకుని ఇచ్చిన సాక్ష్యం. పరీక్షించాక వందల సంఖ్యలో వరుస నేరస్థులు బయటపడ్డారు. క్లీవ్‌ల్యాండ్‌లో ఇలాంటి కిట్ల ఫలితాలను అధ్యయనం చేసిన పరిశోధకులకు మరో సంగతి తెలిసింది: ఒకే మనిషి ఒకసారి పరిచయస్తురాలిపై, ఇంకోసారి అపరిచితురాలిపై దాడి చేశాడు. నేరం చేసిన తీరును మాత్రమే చూసే ఏ నిపుణుడూ ఆ కేసులను ఒకరివే అని కలపలేడు. డీఎన్‌ఏ కలిపింది. పోలీసు శిక్షణలో ఈ రెండు గళ్ల పాఠానికి కేటాయిస్తున్న సమయాన్ని, నిపుణులకు చెల్లిస్తున్న సొమ్మును అటు మళ్లించాలి: ప్రతి కిట్‌కూ గడువులోగా పరీక్ష జరగాలి, తప్పిపోయిన ప్రతి మనిషికీ ఆమె వృత్తి అడగకుండా అదే రోజు కేసు నమోదు కావాలి, కుటుంబం ఇచ్చిన ప్రతి సమాచారాన్నీ ఏమి చేశారో అధికారి రాతపూర్వకంగా జవాబు చెప్పాలి.