పట్టాల జాయినర్‌ను కరెంటుకు నమ్మకండి

మోడల్ రైలు లేఔట్ మీద కొండలు, స్టేషను, చెట్లు, అన్నీ ముచ్చటగా ఉంటాయి. బల్ల కిందికి వంగి చూస్తే మాత్రం మొత్తం ట్రాక్‌కి రెండే వైర్లు! మిగతా భారమంతా పట్టా ముక్కలను కలిపే జాయినర్ల మీదే. దూరం వెళ్లేకొద్దీ లోకో నీరసపడుతుంది, మూల మలుపులో ఆగిపోతుంది. అప్పుడు మోటారు బాగాలేదంటాం, పవర్ ప్యాక్ చాలదంటాం. తప్పు వాటిది కాదు.

జాయినర్ పని పట్టాలను వరసగా నిలబెట్టడం. లోహపు రేకు కొన్నాళ్లకు వదులవుతుంది, లోపల మసి పడుతుంది, రంగు దిగుతుంది. ఒక్కో జాయినర్ దగ్గర కొంచెం కొంచెం వోల్టేజీ పోతూ ఉంటుంది. అందుకే నా మాట ఒకటే: ప్రతి పట్టా ముక్కకూ సొంత ఫీడర్, అంటే నేరుగా కరెంటు తెచ్చే వైర్ల జత, ఉండాలి. అంత ఓపిక లేకపోతే కనీసం మీటరుకో జత.

వైరు మందం దగ్గర పిసినారితనం వద్దు. బూస్టర్ (పట్టాలకు కరెంటు పంపే పెట్టె) నుంచి 10 మీటర్ల దూరం అంటే రానూపోనూ 20 మీటర్ల రాగి. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 5 ఆంపియర్ల దగ్గర సుమారు 3.4 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 వైరైతే పోయేది 0.7. బల్ల కింద సాగే ప్రధాన వైర్లకు, అంటే బస్ లైనుకు, 2.5 వేయండి. దాని నుంచి పట్టాకు వచ్చే ఫీడర్‌కి 0.5 చాలు, పొడవు ఒక జానెడు దాటకూడదు.

రైలు మెల్లగా నడవడం అసలు ప్రమాదం కాదు. డీసీసీలో (రైళ్లను డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి) 14 వోల్టుల లైను మీద షార్ట్ అయితే 5 ఆంపియర్ల బూస్టర్ వెంటనే ట్రిప్ అవ్వాలి, అంటే తనంతట తానే కరెంటు ఆపేయాలి. కానీ దారిలో నిరోధం 2.8 ఓమ్‌లు దాటితే కరెంటు 5 ఆంపియర్లకు చేరదు, బూస్టర్ ట్రిప్ కాదు. అప్పుడు దాదాపు 70 వాట్ల వేడి వైర్లలో, జాయినర్లలో, పట్టాలు తప్పిన బోగీ చక్రాల్లో పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్ వేడి కంటే ఎక్కువ! ప్లాస్టిక్ కరిగిపోతుంది.

ఫీడర్ అతికించేటప్పుడు పట్టా బయటి వైపు పక్క భాగాన్ని గీకి మెరిపించండి. అతుకు బాగా పట్టడానికి రాసే ఫ్లక్స్‌లో రోజిన్ ఫ్లక్స్ మాత్రమే వాడండి, యాసిడ్ ఫ్లక్స్ తర్వాత తుప్పు పట్టిస్తుంది. పట్టాకూ వైరుకూ ముందే విడివిడిగా సోల్డర్ పూసి, ఆ తర్వాత కలపండి. బాగా వేడెక్కిన 40 నుంచి 60 వాట్ల ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి. చిన్న ఐరన్‌తో అరనిమిషం పట్టుకుని కూర్చుంటే పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. అటూ ఇటూ తడిగుడ్డ పెడితే ఇంకా మంచిది.

ఎడమ పట్టాకు ఎరుపు, కుడి పట్టాకు నలుపు అనుకుంటే చివరిదాకా అదే. ఒక్క ఫీడర్ తిరగబడితే లేఔట్ అంతా షార్ట్. అందుకే బూస్టర్ విప్పేసి, లోకోలు తీసేసి, ప్రతి ఫీడర్ తర్వాత మల్టీమీటర్‌ను రెండు పట్టాల మధ్య పెట్టి చూడండి, బీప్ రాకూడదు. 20 ఫీడర్లు వేశాక వెతికితే ఆ రోజంతా దానికే పోతుంది. రివర్స్ లూప్ (రైలు చుట్టూ తిరిగి అదే లైను మీదికి ఎదురు దిశలో వచ్చే వలయం) ఉంటే మాత్రం రంగులు కాపాడవు: రెండు చివర్లా రెండు పట్టాలనూ కోసి, ఆ ముక్కకు ఎడమ కుడి వైర్లను తనంతట తానే తారుమారు చేసే ఆటో రివర్సర్ పెట్టాలి. ఆ ముక్క మీ అతి పొడవైన రైలు కంటే పొడవుగా ఉండాలి. లైట్లకూ, పట్టాల దారి మార్చే పాయింట్ మోటార్లకూ వేరే సప్లై, వేరే లైను.

అన్నీ అయ్యాక బూస్టర్ ఆన్ చేసి, ప్రతి మీటరుకూ రెండు పట్టాల మీదా ఒక నాణెం అడ్డంగా పెట్టండి. వెంటనే ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే నాణెం తీసేసి, అక్కడ ఇంకో ఫీడర్ వేయండి. బల్లాస్ట్ (పట్టాల కింది కంకర) జిగురు పోయకముందే ఈ పరీక్ష చేయాలి. జిగురు జాయినర్లలోకి దిగాక కరెంటు మోయగలిగేవి ఈ ఫీడర్లు మాత్రమే.