ఆత్మప్రదక్షిణ చేసే బండి

మా హాల్లో సోఫాకీ టీపాయ్‌కీ మధ్య ఉన్న సందులో మనుషులు కూడా అడ్డంగా తిరిగే నడవాలి. అందుకని పీతలా పక్కకి నడిచే రోబో ఒకటి చేసి, వంటింట్లోంచి కాఫీ దాని నెత్తిన పెట్టించి తెప్పించుకోవాలని నా ఆశ. లేచి వెళ్తే పది అడుగులు. ఆ పది అడుగులు తప్పించుకోవడానికి మూడు శనివారాలు హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే కోఠి గుజరాతీ గల్లీలో తిరిగాను.

బ్యాటరీతో తిరిగే పసుప్పచ్చ బీవో మోటార్లు నాలుగు, వాటికి కరెంటు అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ బోర్డులు రెండు (ఒక్కోటి రెండు మోటార్లనే తిప్పుతుంది), బండికి మెదడులాంటి ఆర్డునో బోర్డు, బ్లూటూత్ మాడ్యూల్, లిథియం సెల్లు రెండు. ఇక అసలు సరుకు మెకానమ్ చక్రాలు. వీటి అంచున టైరుకి బదులు 45 డిగ్రీల వాలులో చిన్న చిన్న రోలర్లుంటాయి. 1970ల్లో బెంగ్ట్ ఇలాన్ అనే స్వీడన్ ఇంజనీరు కనిపెట్టాడు. మూలమూలకి ఎదురుగా ఉన్న రెండు చక్రాలు ముందుకీ, మిగతా రెండూ వెనక్కీ తిరిగితే ముందువెనకల తోపులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, పక్కకి తోసే బలమే మిగులుతుంది. బండి మొహం తిప్పకుండానే పక్కకి జరిగిపోతుంది. వీడియోల్లో.

మాది మొదటిరోజు అసలు కదల్లేదు. మోటార్ల బ్యాటరీ గ్రౌండూ (అంటే నెగటివ్ కొస) ఆర్డునో గ్రౌండూ కలపడం మర్చిపోయాను. వియ్యాలవారి మధ్య మాటల్లేకుండా పెళ్లి జరిపించినట్టన్నమాట. ఒక్క నల్ల వైరుతో రాజీ కుదిరింది.

రెండోరోజు శుక్రవారం. అమ్మ పూజలో ఉంది. బండి బుద్ధిగా ముందుకెళ్లి దేవుడి గది ముందున్న ముగ్గు తొక్కి ఆగింది. కంగారులో 'కుడికి జరుగు' బటన్ నొక్కాను. జరగలేదు సరికదా, ఉన్నచోటనే గిర్రున తిరగడం మొదలెట్టింది, ఒకటి, రెండు, మూడు. హారతి పళ్లెంతో వచ్చిన అమ్మ కాసేపు చూసి, "ఆత్మప్రదక్షిణ చేస్తోందిరా, దానికున్న భక్తి నీకు లేదు" అంది.

ఆ తర్వాత మూడు రోజులు నేను అనుమానించని వస్తువు లేదు. కోడ్ పదకొండుసార్లు మార్చాను, వైర్లు పీకి పెట్టాను, వచ్చిన కరెంటులో దాదాపు రెండు వోల్టులు కమీషన్ కింద మింగేసే ఆ మోటార్ డ్రైవర్ని నానా మాటలూ అన్నాను. మా ఆవిడ మాత్రం, "కాఫీ కలిపి మూడుసార్లు వేడి చేశాను, వచ్చి తాగుతారా, దాన్ని పంపిస్తారా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంది.

రోలర్ల సందుల్లో ఇరుక్కున్న ముగ్గుపిండిని అమ్మ పాత టూత్‌బ్రష్‌తో తోముతోంది. తోమి, నేలమీద పెట్టి, నిలబడి పైనుంచి చూసి, "ఇదేంట్రా, ఇటు రెండిటి గీతలూ ఒకే వాటంగా ఉన్నాయి, అటు రెండూ ఇంకో వాటం. ముగ్గయితే మూల మూలకీ కలవాలి, నేనైతే చెరిపేసి మళ్లీ వేస్తాను" అంది.

పొట్లం మీద ఎడమవి రెండు, కుడివి రెండు అని రాసుంది. చెప్పుల్లాంటివే కదా అని ఎడమవి రెండూ ఎడమవైపు, కుడివి రెండూ కుడివైపు బిగించేశాను! ఎడమవి రెండూ మూలమూలకి రావాలిట, కుడివి రెండూ అంతే, పైనుంచి చూస్తే రోలర్ల గీతలు ఇంటూ మార్కులా కనపడాలిట. వెనక చక్రాలు రెండూ ఊడదీసి అటుదిటూ ఇటుదటూ మార్చడానికి పది నిమిషాలు పట్టింది. బటన్ నొక్కితే బండి సోఫా సందులోంచి పీతలా జారుకుంటూ వెళ్లింది. కాఫీ సగం ఒలికిందనుకోండి, అది వేరే సంగతి.

అమ్మ మొహం మాత్రం చిన్నబోయింది. "అయితే ఇంక ప్రదక్షిణ చెయ్యదా?" అంది. దానికి వేరే బటనుందని చూపించాను, చూపించకుండా ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి గురువారం రాత్రి సెల్లు చార్జింగ్‌కి పెట్టడం నా డ్యూటీ.