ఎర్ర టోపీ గారికి ఒక అభిమాని విన్నపం

మహారాజశ్రీ ఎర్ర టోపీ గారి దివ్యసముఖమునకు,

యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియంలో, నవంబరు చలిలో, అల్యూమినియం బల్ల మీద దాదాపు నాలుగు గంటలు కూర్చుని లేచిన ఒక తెలుగు అభిమాని అనేక నమస్కారాలతో రాసుకొనునది. ఇక్కడ మేమంతా క్షేమం. నడుము కింది భాగం నుంచి మాత్రం ఇంకా కబురు రాలేదు.

మీరు నన్ను ఎరగరు. మొన్నటి శనివారం దాకా నేనూ మిమ్మల్ని ఎరగను. డెట్రాయిట్ శివారులో ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటూ, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఈ అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌ను సోఫాలో కూర్చునే చూశాను. నాలుగు ప్రయత్నాల్లో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్లాలన్న సూత్రం వంటబట్టడానికే రెండు సీజన్లు పట్టింది. ఒంటబట్టాక వదల్లేదు. మా అమ్మాయి అదే విశ్వవిద్యాలయంలో చేరాక, "టీవీలో చూసి అభిమాని అనుకుంటే ఎలా? ఒక్కసారి వచ్చి చూడు నాన్నా" అని దెప్పడం మొదలుపెట్టింది. సరేనని టికెట్టు కొన్నాను. తను విద్యార్థుల గ్యాలరీలో, నేను ఎదురుగా పెద్దల గ్యాలరీలో.

లోపలికి అడుగుపెట్టగానే నాకు మా ఊరి కోనేరు గుర్తుకొచ్చింది. ఆ మైదానంలో ఎక్కువ భాగం భూమిలోకే ఉంది. వీధిలోంచి ద్వారం దాటితే మెట్లు కిందికి దిగుతూ పోతాయి. అడుగున నీళ్లకు బదులు పచ్చిక, చుట్టూ మెట్ల మీద లక్షమంది. పట్టేది సరిగ్గా 1,07,601 మంది. ఆ చివరి ఒకటి ఏమిటని పక్కనున్న పెద్దాయనను అడిగాను. 1956 నుంచి ఆ అంకెను అలాగే ఉంచుతున్నారట. ఒకప్పటి శిక్షకుడు, క్రీడా విభాగం అధిపతి ఫ్రిట్జ్ క్రిస్లర్ గౌరవార్థం ఒక సీటు అదనం. అది ఎక్కడుందో మాత్రం చెప్పరు. ఒకవేళ నాదే అయి ఉంటుందేమోనని కాసేపు సర్దుకుని కూర్చున్నాను.

చుట్టూ నీలం, పసుపు. ఆ పసుపును ఇక్కడ మొక్కజొన్న రంగు అనాలి, ఊరికే పసుపు అంటే నొచ్చుకుంటారు. ఉన్న ఒక్క సొరంగంలోంచి ఆటగాళ్లు దూసుకొచ్చి, అడ్డంగా పట్టుకున్న నీలం బ్యానరును ఎగిరెగిరి తాకుతుంటే, చెప్పుకోకూడదు గానీ, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చలిగాలికి అని పెద్దాయనతో చెప్పాను. ఆయన నమ్మినట్టు నటించారు.

ఆట మొదలైంది. నాలుగైదు ఎత్తులు నడిచాయి. గుండె లయ అందుకుంది. ఇంతలో అంతా ఆగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. తప్పు జరిగిందని పసుపు గుడ్డ ఎవరూ విసరలేదు. ఏ జట్టూ విరామం అడగలేదు. ఒక్కొక్కరు నూటనలభై కిలోలుండే యోధులు, కాడి కట్టి రైతు కోసం చూసే ఎద్దుల్లా, ముక్కుల్లోంచి పొగలు కక్కుతూ నిలబడిపోయారు. లక్షల డాలర్ల జీతం తీసుకునే శిక్షకులు పచ్చికను పరిశీలిస్తున్నారు. అందరినీ శాసించే రిఫరీ కూడా చేతులు కట్టుకుని ఒకే వైపు చూస్తున్నాడు.

ఆ చూపు వెంట నేనూ చూశాను. అప్పుడు దర్శనమిచ్చారు తమరు.

పక్క గీత దాటి కాస్త లోపలికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా, చెవికి ఏదో తగిలించుకుని, ధ్యానముద్రలో నిలబడి ఉన్నారు. మీ టోపీ కింద ఉన్న మనిషి మీద నాకే కోపమూ లేదు, ఆయనది కూలి పని. ఈ విన్నపం టోపీకే. "స్కోరుబోర్డు చూడకు, ఆ టోపీని చూడు" అన్నారు పెద్దాయన, చెవిలో రేడియో సర్దుకుంటూ. "అది మైదానంలో ఉన్నంతసేపూ టీవీలో ప్రకటనలు. అది బయటికి నడిస్తేనే ఆట." ఆయన అదే వరుసలో యాభై ఏళ్లుగా కూర్చుంటున్నారట.

మా పల్లెల్లో పౌరాణిక నాటకాలు ఆడేవారు. రాయబారం సీనులో కృష్ణుడు రాగం అందుకుని, పద్యం మూడో పాదంలో ఉండగా, ఒకాయన తెర పక్కనుంచి వచ్చి మైకు లాక్కుని, "ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారు కృష్ణుడి పాత్రధారికి నూటపదహారు రూపాయలు చదివిస్తున్నారు" అని ప్రకటించేవాడు. భగవంతుడంతటివాడు నోరు సగం తెరిచి అలాగే నిలబడేవాడు. హార్మోనియం శ్రుతి పట్టుకుని కూర్చునేది. మేము నవ్వుకునేవాళ్లం. కానీ ఆ చదివింపుల సొమ్ము కృష్ణుడి జేబులోకే వెళ్లేది స్వామీ! మీ దగ్గర ఆటగాడి జేబు అన్న మాట వినబడటానికే 2021 దాకా ఆగాల్సి వచ్చింది. తన పేరునూ బొమ్మనూ వాడుకుని కుర్రాడు నాలుగు డాలర్లు సంపాదించుకోవచ్చని ఆ ఏడాదే ఒప్పుకున్నారు.

ఇక తమరి పరాకాష్ఠ చెప్పాలి. మా జట్టు బంతిని అవతలి కొస గీత దాటించి టచ్‌డౌన్ చేసింది. లక్ష గొంతులు ఒక్కసారి లేచాయి. వెనకాల ఎవరో ముక్కూమొహం తెలియనాయన నన్ను కౌగిలించుకున్నాడు. అదనపు పాయింటు కోసం బంతిని తన్నారు. తమరు వేంచేశారు. మూడు నిమిషాలు. తమరు వెళ్లారు. ఆటను మళ్లీ మొదలుపెట్టే తన్ను, కిక్‌ఆఫ్ అని కేకలు. ఒకడు బంతిని తన్నాడు. అది గాల్లో తేలి, అవతలి గీతల వెనక ఎక్కడో పడింది. ఎవడూ పట్టలేదు, ఎవడూ పరుగెత్తలేదు. అయిదారు సెకన్లు పట్టి ఉంటుంది. తమరు మళ్లీ వేంచేశారు! ఇంకో మూడు నిమిషాలు. ఆరు నిమిషాల నిరీక్షణ మధ్య ఒక తన్ను. పెళ్లిభోజనానికి పిలిచి, ఆకు వేసి, చిటికెడు ఉప్పు వడ్డించి, ఆకు తీసేసి, మళ్లీ ఆకు వేస్తామని కూర్చోబెట్టినట్టుంది.

ఆ రెండో విడత నిరీక్షణలో, చేతులు వెచ్చబడటానికి, ఫోనులో లెక్క కట్టాను. మైదానం నిండితే, తమరు ఒక్కసారి మూడు నిమిషాలు నిలబడితే, మనుషుల కాలం 3,22,803 నిమిషాలు ఖర్చవుతుంది. అంటే 224 రోజులు. ఒక్క విరామానికి ఏడు నెలలకు పైగా. ఎవరో ఒకరు ట్రక్కు కొనాలా వద్దా అని ఆలోచించుకోవడానికి.

పోనీ, ఎంత చెప్పినా మీరు పాలేరులాంటివారే. ఆజ్ఞ ఎక్కడినుంచి వస్తుందో తెలుసు. ఆటకు ముహూర్తం పెట్టేదీ ఆ టీవీయే. మా పురోహితుడు ఆర్నెల్ల ముందే లగ్నం చెబుతాడు. ఇక్కడ తేదీ ఏళ్ల ముందే తెలుస్తుంది గానీ, మధ్యాహ్నమా రాత్రా అన్నది చాలా ఆటలకు పన్నెండు రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందు గానీ తేలదు. పెళ్లి ఖాయం, పగలో రాత్రో తరువాత చెబుతాం, బంధువులు విమాన టికెట్లు కొనుక్కోవచ్చు!

మా జట్టున్న కూటమి పేరు బిగ్ టెన్. పేరులో పది, సభ్యులు పద్దెనిమిది. మధ్య పశ్చిమ రాష్ట్రాల ఇరుగుపొరుగు కళాశాలలు కలిసి పెట్టుకున్న ఈ కూటమి ఇప్పుడు న్యూజెర్సీ నుంచి లాస్ ఏంజెలెస్ దాకా సాగింది. 2022లో ఏడేళ్ల ప్రసార హక్కులను 700 కోట్ల డాలర్లకు పైగా అమ్ముకుందని పత్రికలన్నీ రాశాయి. అంత సొమ్ము పెట్టినవాడు తన మనిషిని పొలం గట్టు మీద నిలబెట్టుకోకుండా ఉంటాడా?

అంతకుముందు ఒక కాలం ఉండేది. 1869 నవంబరు 6న న్యూ బ్రన్స్విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు ఈ ఆట తాతను ఆడాయి. ఒక్కో వైపు పాతిక మంది. రట్గర్స్ 6, ప్రిన్స్‌టన్ 4. మైదానంలో తమవంటివారు ఎవరూ లేరు. తరువాత టీవీ వచ్చినప్పుడు కళాశాలల సంఘం మొదట భయపడింది. ఇంట్లోనే చూపిస్తే మైదానానికి ఎవరు వస్తారని, ఏ జట్టు ఎన్నిసార్లు తెర మీద కనిపించాలో రేషను కార్డులా రాసిపెట్టింది. ఓక్లహామా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా ఆ కట్టడిని కొట్టేసింది. కాదన్న ఇద్దరి తరఫునా తీర్పు రాసిన బైరన్ వైట్ ఒకప్పుడు కొలరాడో విశ్వవిద్యాలయ జట్టులో పేరుమోసిన ఆటగాడు. మైదానం తొక్కినాయన వద్దన్నాడు. నేను న్యాయశాస్త్రం చదవలేదు, కాబట్టి అందులో ఏదో ఉందని అనుమానించడంతో సరిపెట్టుకుంటాను.

ఆటలు మరీ సాగిపోతున్నాయని పెద్దలకూ అనిపించింది. 2023లో నియమం మార్చారు. పది గజాలు దాటిన ప్రతిసారీ గడియారాన్ని కాసేపు ఆపే పాత పద్ధతిని, అర్ధభాగాల చివరి రెండు నిమిషాలకు తప్ప, తీసేశారు. అంటే కత్తెర ఆట మీద పడింది, తమరి మీద పడలేదు. మరుసటి ఏడాది, అర్ధభాగం ముగియడానికి రెండు నిమిషాలుందనగా ఇంకో విరామం కొత్తగా చేర్చారు. రోగి బరువు తగ్గాలని వైద్యుడు కాలు తీసేసి, టోపీ పెట్టినట్టు.

అయినా నిజం ఒప్పుకోవాలి. తమరు లేకపోతే పెద్దాయన కథ నాకు తెలిసేది కాదు. మొదటి విరామంలో తన భార్య సీటు అన్నారు, నేను కూర్చున్నదాన్ని. మూడో విరామంలో ఆమె రెండేళ్ల కిందట పోయారన్నారు. అయిదో విరామంలో థర్మోకోల్ ముక్క ఒకటి నా వైపు జరిపి, "కింద వేసుకో, ఆమె ఎప్పుడూ తెచ్చుకునేది" అన్నారు. ఈ మూడు మాటల మధ్యా ఆట ఉంది కాబట్టి, ఆయన మొహం మైదానం వైపే ఉంచి చెప్పగలిగారు. ప్రత్యర్థులకు మూడో ప్రయత్నం వచ్చినప్పుడల్లా జనమంతా తాళంచెవుల గుత్తులు తీసి గలగలలాడిస్తారు. ఆయన ఆడించిన గుత్తిలో రెండు ఇళ్ల తాళాలంత బరువుంది. నేను నా కారు తాళం ఒక్కటే ఆడించాను. అది బొత్తాల తాళం, శబ్దం రాలేదు.

తోలుబొమ్మలాటలో తెర వెనక బొమ్మలు మార్చుకునేటప్పుడు కేతిగాడూ బంగారక్కా వచ్చి జనాన్ని పట్టి ఉంచేవారు. ఇక్కడ ఆ పని వాయిద్య బృందానిది. తమరు నిలబడ్డ ప్రతిసారీ వాళ్లు వాయించారు. వేళ్ల చివర్లు కత్తిరించిన చేతితొడుగులతో, ఎర్రబడ్డ వేళ్లతో. ఒక అమ్మాయి తన ఇత్తడి బూరా నోటిముక్కను చొక్కా లోపల దాచుకుని వెచ్చబెట్టుకోవడం దుర్భిణిలో చూశాను. టీవీలో నేను ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా చూడని దృశ్యం అది.

ఎందుకు చూడలేదో ఇంటికొచ్చాక తెలిసింది. మరుసటి శనివారం ఆట మళ్లీ ఆ మైదానంలోనే. నేను సోఫాలో. టచ్‌డౌన్ అయింది, ప్రకటన వచ్చింది. అలవాటు ప్రకారం లేచి వంటింట్లోకి వెళ్లి, పెనం మీద దోసె పోసి, తిరగేసి, పళ్లెంలో వేసుకుని వచ్చేసరికి సరిగ్గా కిక్‌ఆఫ్. ఇరవై ఏళ్లుగా ఈ లెక్క తప్పలేదు. ఒక విరామానికి ఒక దోసె. తమరు ఇన్నాళ్లూ నిలబడింది నా దోసె కోసం.

రెండో దోసె పోస్తుండగా ఫోను మోగింది. మా అమ్మాయి, గ్యాలరీలోంచి. వెనకాల బూరాలు.

"నాన్నా, ఇప్పుడు టీవీలో ఏమి వస్తోంది?"

తొంగి చూసి చెప్పాను. "ట్రక్కు. కొండ ఎక్కుతోంది."

"త్వరగా ఎక్కమని చెప్పు. కాళ్లు బిగుసుకుపోయాయి. ఆ ఎర్ర టోపీ కదలడం లేదు."

చెబుతానన్నాను. ఎవరికి చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
థర్మోకోల్ ముక్క తిరిగివ్వడం మరిచిపోయిన ఒక అభిమాని