మార్కెట్ కోలుకుందట, అద్దె ఇల్లు కొనేయాలట!

నగరంలో ఇళ్ల ధరలు మళ్లీ లేస్తున్నాయని వార్త వచ్చిందో లేదో, తెలిసినవాళ్లంతా అద్దెకివ్వడానికి ఇంకో ఇల్లు వెతకడం మొదలుపెట్టేస్తారు. ధరలు నేల చూపులు చూస్తున్నన్నాళ్లూ అటువైపు తొంగి చూడనివాళ్లే వీళ్లు. "ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేరండీ" అని బ్రోకర్ అంటే అర్థం ఉంది, అది అతని పొట్టకూటి మాట. మనలో మనమే ఒకరికొకరం ఆ మాట చెప్పుకుని ఉబ్బిపోతుంటే మాత్రం ఒళ్లు మండుతుంది. అందుకే ఈ పోస్ట్. కాస్త పొడుగైంది, ఓపికుంటేనే చదవండి.

నేనేమీ అద్దె ఇళ్లకు వ్యతిరేకిని కాను. సరైన ధరకు కొన్న ఇల్లు, వేళకు అద్దె కట్టే కుటుంబం ఉంటే అంతకంటే నిశ్చింత ఏముంది? నా గొడవల్లా ఒక్కటే. కోలుకుంటున్న మార్కెట్లో చాలామంది అద్దె కోసం కొంటున్నామని పైకి చెప్తూ, లోపల ధర మీద పందెం కాస్తున్నారు. కాయండి, మీ డబ్బు, మీ ఇష్టం. కానీ దానికి 'నెలనెలా ఆదాయం' అని పేరు పెట్టి, ఇంట్లోవాళ్లను ఒప్పించి, అప్పు తెచ్చి మరీ కాయకండి.

లెక్క చూద్దాం. ఇంటి ధర 100 అనుకోండి, ఏ డబ్బైనా సరే. ఏడాది అద్దె 5. దీన్నే చాలామంది '5 శాతం వస్తుంది' అంటారు. రాదు. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు దిగేలోపు ఏడాదికి ఒక నెల ఇల్లు ఖాళీగా ఉందనుకుంటే 0.4 పోయింది. రిపేర్లకు, రంగులకు, పాడైన మోటారుకు, పగిలిన పైపుకు కలిపి ఇంటి ధరలో 1 శాతం పక్కన పెట్టమంటారు అనుభవజ్ఞులు. పాత ఇల్లయితే అదీ చాలదు. పన్ను, ఇన్సూరెన్స్ కలిపి 0.6 వేసుకోండి. చూసుకునే మనిషికో ఏజెన్సీకో ఇంకో 0.4. చివరికి చేతిలో మిగిలేది 2.6.

ఇప్పుడు అప్పు సంగతి. 25 మీరు పెట్టి 75 బ్యాంకు దగ్గర 7 శాతానికి తెచ్చారు. మొదటి ఏడాది వడ్డీయే 5.25. అద్దె నుంచి మిగిలింది 2.6. తేడా 2.65 మీ జీతంలోంచి వెళ్తుంది, అసలు తీర్చడం దీనికి అదనం. అంటే ఈ ఇల్లు మీకు నెలనెలా ఇవ్వదు, మీ దగ్గరే నెలనెలా తీసుకుంటుంది. ధర పెరిగితే తప్ప గట్టెక్కని వ్యవహారాన్ని అద్దె పెట్టుబడి అని ఎలా అంటాం?

ఈ లెక్క చెప్తే "అవన్నీ పుస్తకాల లెక్కలు, ఇల్లనేది ధర పెరుగుతుందనే కొంటారు" అంటారు. 1870 నుంచి 16 అభివృద్ధి చెందిన దేశాల లెక్కలు తవ్వి తీసిన ఆర్థికవేత్తలున్నారు, ఆస్కార్ జోర్డా బృందం. ద్రవ్యోల్బణం పోను ఇళ్ల మీద ఏడాదికి సగటున 7 శాతం దాకా రాబడి వచ్చిందని తేల్చారు. అది షేర్లతో సమానం. అయితే అందులో పెద్ద వాటా అద్దెది, ధర పెరుగుదలది చిన్న వాటా. మనం సరిగ్గా తిరగేసి చూస్తున్నాం: అద్దెను కొసరు అనుకుని, ధరను అసలు అనుకుంటున్నాం.

మరి కోలుకునే మార్కెట్లో డబ్బు చేసుకున్నవాళ్లు లేరా అంటే, బోలెడు మంది ఉన్నారు. వాళ్లు ఎప్పుడు కొన్నారో చూడండి. అమెరికాలో ఇళ్ల ధరలు 2006లో శిఖరానికి చేరి 2012 మొదటికి సుమారు 27 శాతం పడ్డాయి. అది దేశం సగటు. ఫీనిక్స్‌లో సగానికి పైగా, లాస్ వేగాస్‌లో దాదాపు 60 శాతం పోయింది. అప్పు కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు గాల్లో ఉండవు కదా, వాళ్లకూ ఎక్కడో ఒక ఇల్లు కావాలి. అందుకే వాళ్లంతా అద్దెకు దిగారు. ధరలు కూలిపోయినా అద్దెలు ఆ స్థాయిలో కూలలేదు. ధరతో పోలిస్తే అద్దె ఎక్కువగా ఉన్న అరుదైన సమయం అది. బ్లాక్‌స్టోన్ అనే పెద్ద పెట్టుబడి సంస్థ ఇన్విటేషన్ హోమ్స్ పేరుతో 2012లో ఫీనిక్స్‌లో ఇళ్లు కొనడం మొదలుపెట్టింది అందుకే. ఐదేళ్లలో దాని చేతిలో 50 వేలకు దగ్గరగా అద్దె ఇళ్లు ఉన్నాయి.

ఏడాది తిరిగేసరికి ఫీనిక్స్ ధరలు 20 శాతానికి పైగా లేచాయి. అద్దెలు అంత లేస్తాయా? మామూలుగా జీతాలను బట్టే అద్దె పెరుగుతుంది, జీతం ఏడాదిలో 20 శాతం ఎవరికి పెరుగుతుంది? మన లెక్కలోకే వద్దాం. ధర 100 నుంచి 130 అయ్యింది, అద్దె 5 నుంచి 5.5 అయ్యింది. ఖర్చులు తీయకముందే రాబడి 4.2 శాతానికి జారింది. అదే ఇల్లు, అదే గోడలు, అదే అద్దె కుటుంబం. మీరు ఆలస్యంగా వచ్చారు, అంతే. 'మార్కెట్ కోలుకుంది' అన్న వార్త అమ్మేవాడికి శుభవార్త. అద్దె కోసం కొనేవాడికి ఆ వార్త అందేసరికి చవక బేరాలు చాలావరకు అయిపోతాయి.

ఇక చవగ్గా ఉంది కాబట్టి కొనేయాలనే ఇంకో బ్యాచ్ ఉంది. వాళ్ల కోసం అమెరికాలోనే ఇంకో నగరం, డెట్రాయిట్ కథ. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2010 నాటికి 7 లక్షల చిల్లరకు పడింది. పన్ను బకాయిల వేలంలో ఇళ్లు 500 డాలర్ల నుంచి పాడారు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో కంప్యూటర్ ముందు కూర్చుని కొనేశారు. కొన్నాక తెలిసింది: రాగి పైపులు ఎవరో పీక్కుపోయారని, పన్ను మాత్రం పూర్తిగా పడుతోందని, అద్దెకు వచ్చే మనిషి లేడని. 2013 జులైలో నగరమే దివాలా పిటిషన్ వేసింది. పడిపోయిన ప్రతి నగరమూ వెంటనే లేవదు. ఉద్యోగాలు తిరిగొస్తున్నాయా, మనుషులు వచ్చి చేరుతున్నారా అన్నదే కోలుకోవడం. రిజిస్ట్రేషన్ల సంఖ్య పెరిగినంత మాత్రాన కాదు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. ధరలు లేవగానే బిల్డర్లూ లేస్తారు. ఈ రోజు పునాది తవ్విన బిల్డింగులు రెండు మూడేళ్లకు తాళాలిస్తాయి, అన్నీ ఒకేసారి. అమెరికాలోని ఆస్టిన్ నగరంలో సరిగ్గా ఇదే జరిగింది. కరోనా తర్వాత అద్దెలు ఎగిసిపడ్డాయి, కట్టడాలు వెల్లువెత్తాయి, 2023 నుంచి అద్దెలు తగ్గుతూ వచ్చాయి. ఊరు పెరుగుతూనే ఉంది, ఉద్యోగాలూ ఉన్నాయి. అయినా కొత్త బిల్డింగువాడు మొదటి నెల అద్దె ఫ్రీ అంటుంటే మీ పాత ఫ్లాట్‌కు ఎవరొస్తారు?

సర్కారు సంగతి సరేసరి. అద్దెలు పెరిగితే ఓట్లేసేవాళ్లలో అద్దెకుండేవాళ్లు అరుస్తారు, అరవాలి కూడా. ఐర్లండ్‌లో ఇళ్ల ధరలు సగానికి పైగా పడి, 2013 నుంచి కోలుకున్నాయి. అద్దెలు మరీ పైకి పోయేసరికి 2016 డిసెంబర్‌లో డబ్లిన్‌లో ఏడాదికి 4 శాతం మించి పెంచొద్దని చట్టం తెచ్చారు. 2021 చివరికి ఆ హద్దు 2 శాతానికి దిగింది. మరుసటి ఏడాది ద్రవ్యోల్బణం 8 శాతం దగ్గర ఉంది! బెర్లిన్‌లో 2020 ఫిబ్రవరిలో అద్దెలు పెంచకుండా తాళం వేస్తూ చట్టం తెస్తే, 2021 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ మధ్యకాలమంతా ఓనర్లకూ టెన్షనే, అద్దెకున్నవాళ్లకూ టెన్షనే. ఇలాంటి చట్టాలు మంచివా కాదా అన్నది వేరే గొడవ, దాని జోలికి ఇప్పుడు పోను. ఏడాదికి 10 శాతం అద్దె పెరుగుతుందని ఎక్సెల్ షీట్‌లో వేసుకునేవాళ్లు మాత్రం ఈ రెండు ఊళ్లనూ ఒకసారి తలుచుకోవాలి.

అయినా కొంటామంటే కొనండి, ఎవరాపుతారు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాల్లో టైల్స్ చూసి మురిసిపోకండి. వంటగదిలో సింకు కింద తలుపు తీసి, వెనక చెక్క మీద బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగిందంటే నీళ్లు కారి ఏళ్లయిందని అర్థం. బాత్రూంకు అవతలి గోడ ఒక్కదానికే కొత్త రంగు వేసి, మిగతా మూడూ పాతవే ఉంటే ఆ రంగు ఎందుకేశారో అడగండి. మొదటిసారి బ్రోకర్‌తో వెళ్తే, రెండోసారి ఒక్కరే రాత్రి వెళ్లండి. బయట నిలబడి ఎన్ని కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో చూడండి. సగం చీకటిగా ఉన్న బిల్డింగులో 'అద్దెకు డిమాండ్ విపరీతం' అన్నవాడి మాటకు విలువెంతో అక్కడే తేలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, అక్కడ అద్దెకున్నవాళ్లతో మాట్లాడండి. ఓ మిత్రుడి కోసం ఒక ఫ్లాట్ చూడటానికి వెళ్లినప్పుడు అందులో ఉంటున్నావిడను అడిగాను, "ఎన్నాళ్లయిందమ్మా ఇక్కడ?" అని. "చాలా ఏళ్లయిందండీ, ఒక్క నెల అద్దె ఆలస్యం చేయలేదు. వచ్చే నెల ఖాళీ చేస్తున్నాం, సొంతిల్లు కొనుక్కున్నాం" అంది సంతోషంగా. బ్రోకర్ పక్కనే నిలబడి "పాతుకుపోయిన టెనెంట్, మీకు దిగులే లేదు" అని అంతకుముందే చెప్పి ఉన్నాడు. కోలుకునే మార్కెట్లో జరిగేదే ఇది: బ్యాంకులు మళ్లీ అప్పులివ్వడం మొదలుపెట్టగానే, వేళకు అద్దె కట్టే స్తోమత ఉన్నవాళ్లే ముందు సొంతిళ్లకు వెళ్లిపోతారు.

"ధర పెరిగాక అమ్మేస్తాం కదా" అనేవాళ్లకు కూడా ఒక మాట. కొన్నప్పుడు స్టాంపు డ్యూటీ, అమ్మినప్పుడు బ్రోకర్ కమీషన్, లాభం మీద పన్ను, మధ్యలో జీతంలోంచి కట్టిన వడ్డీ, ఇవన్నీ తీశాక ఎంత మిగులుతుందో లెక్క వేశారా? అదీగాక 75 అప్పు మీద కొన్న ఇంటి ధర 10 శాతం తగ్గితే మీ 25లో 10 పోయినట్టు, అంటే 40 శాతం. హాంకాంగ్‌లో 1997 తర్వాత ఆరేళ్లు ధరలు పడి, 2003లో లక్ష మందికి పైగా ఇంటి విలువ కంటే బ్యాంకు అప్పే ఎక్కువై కూర్చున్నారు. కొనేటప్పుడు వాళ్లంతా తర్వాత అమ్మేయొచ్చనుకున్నవాళ్లే.

నా షరతు ఒకటే. ధర వచ్చే పదేళ్లూ ఇక్కడే ఆగిపోయినా, ఖర్చులూ వడ్డీ పోను అద్దె నుంచి ఎంతో కొంత మిగలాలి. అలా మిగిలే ఇల్లు దొరికితే మార్కెట్ లేస్తోందా పడుతోందా అని చూడక్కర్లేదు, కొనేయండి. దొరకకపోతే డబ్బు బ్యాంకులో పడి ఉంటే నష్టమేం లేదు.

తిట్టాలనుకునేవాళ్లు తిట్టండి. అద్దె ఇల్లు ఉన్నవాళ్లు మాత్రం, ఎంతకు కొన్నారో ఇప్పుడెంత పలుకుతోందో నాకొద్దు, పోయినేడాది ఖర్చులన్నీ పోను చేతిలో ఎంత మిగిలిందో కింద రాయండి.