తొంభై మూడో రోజు

ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) నుంచి ఇప్పుడే బయటికొచ్చాను. మెడలో బ్యాండు కూడా తీయలేదు, చెయ్యి ఇంకా వణుకుతోంది. ఊరి దగ్గర కంపెనీకి ఇచ్చిన పర్యావరణ అనుమతి మీద 93వ రోజున వేసిన మా అప్పీలు గడువు దాటిందని కొట్టేశారు. అది నాకు ముందే తెలుసు, ఊరివాళ్లకూ ముందే చెప్పాను. ఎన్జీటీ చట్టం సెక్షన్ 16 ప్రకారం అప్పీలుకు 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60. 91వ రోజున వెళ్తే బెంచికి జాలి ఉన్నా అధికారం ఉండదు. నా కోపం దానిక్కాదు. కంపెనీ తరఫు పెద్ద లాయరు లేచి, నా వెనక నిలబడ్డ రైతుల వైపు చెయ్యి చూపించి, "మూడు నెలలు నిద్రపోయారా వీళ్లు?" అన్నాడు.

నిద్రా? అనుమతి వచ్చిందని వాళ్లకు ఎవరు చెప్పారు? పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, పంచాయతీకి కాపీ పంపాలి, దాన్ని 30 రోజులు అందరికీ కనబడేలా పెట్టాలి. అన్నీ చేశామని కాగితాలు చూపించారు. ఆ కాపీ పంచాయతీ బీరువాలో పింఛన్ల ఫైలు కింద దొరికింది, అదీ ఇంగ్లిషులో. పొక్లెయిన్ చెరువు గట్టెక్కిన రోజు ఊరికి తెలిసింది. చందాలు వేసుకుని, కాగితాలు పోగేసుకుని నా దగ్గరికొచ్చేసరికి 92 రోజులు. ఆ రాత్రంతా కూర్చుని టైపు చేశాం.

అదే చట్టంలో సెక్షన్ 15 చూడండి. నష్టపరిహారం అడగడానికి అయిదేళ్లు గడువుంది. నీళ్లు పాడయ్యాక, పిల్లలు జబ్బుపడ్డాక అడగడానికి అయిదేళ్లు, పాడవకముందే ఆపమనడానికి 90 రోజులు! ఏ న్యాయం ఇది?

ఒక్క రోజంటే ఏమిటో శ్రీకాకుళం జిల్లా సోంపేటవాళ్లను అడగండి. 2010 జులై 14న అక్కడి బీల (చిత్తడి నేలలు) దగ్గర, థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు పోయారు. ఆ ప్లాంటు అనుమతిని, ఎన్జీటీకి ముందు ఇలాంటి అప్పీళ్లు విన్న పర్యావరణ అప్పీలేట్ అథారిటీ రద్దు చేసింది కూడా ఆ రోజే. ఆ ఉత్తర్వు ఒక్క రోజు ముందొచ్చి ఉంటే!

ఇంకా మండేది ప్రజాభిప్రాయ సేకరణల విషయంలో. ఏళ్ల తరబడి చూస్తున్నా. జనం చెప్పినవన్నీ ఉన్నదున్నట్టు రాసి, చివర్లో వాళ్ల భాషలో చదివి వినిపించాలని పర్యావరణ అనుమతుల మీద కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్లోనే ఉంది. ఈ ఊళ్లో జరిగిన సేకరణ వీడియో నిన్న రాత్రి మళ్లీ చూశాను. ఒక పెద్దావిడ మైకు పట్టుకుని నాలుగు నిమిషాలు మాట్లాడింది. బోరు ఎన్ని అడుగులు, చెరువు ఎండితే ఎన్ని ఎకరాలు పోతాయి, గొడ్లు ఎక్కడ నీళ్లు తాగాలి, అన్నీ చెప్పింది. అధికారులు రాసుకున్న మినిట్స్‌లో ఆమె పేరు ఎదురుగా ఒకటే ముక్క: "ఉపాధి కల్పించాలని కోరారు." ఆమె ఆ మాటే అనలేదు! ఏదీ చదివి వినిపించలేదు కూడా, మైకు కట్టేసి లేచిపోయారు.

నిద్రపోయేవాళ్లు పొద్దున ఎనిమిదింటికే వచ్చి టెంటు కింద కూర్చుంటారా?

ఆ నాలుగు నిమిషాలూ అక్షరం వదలకుండా రాయిస్తున్నాను. హైకోర్టులో వేసే రిట్‌లో మొదటి పేజీ అదే.