మహారాజశ్రీ అద్దె కెమెరా గారికి

మహారాజశ్రీ అద్దె కెమెరా గారి దివ్యసముఖమునకు, రెండేళ్లుగా ఫోటోగ్రాఫర్‌ని అవుతూనే ఉన్న తమ ఖాతాదారుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ కోఠిలో, మెట్ల కింది గదిలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పక్కలో పెట్టుకుని తమరూ క్షేమమని తలుస్తాను.

తమ మోడల్ మార్కెట్లోకి వచ్చింది 2018లో. వయసులో నా మేనల్లుడి ఈడు. అయినా ‘మీరు’ అంటున్నానంటే అది అనుభవానికిచ్చే మర్యాద. మొన్న మీరు తీసిన ఫోటో ఒకటి కంప్యూటర్లో వేసి మీ షట్టర్ కౌంటు, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టారో చూశాను. 1,83,000 దాటింది. తయారుచేసినవాళ్లు మీ షట్టర్‌ని పరీక్షించింది 2 లక్షల క్లిక్కులకు. మీరు రిటైర్మెంటు కాయితాలు సర్దుకుంటున్నారు, నేనింకా సర్వీసులో చేరలేదు.

చేరడానికి వెళ్లకపోలేదు. ఒక స్టూడియో యజమాని నన్ను కూర్చోమనకుండానే ‘‘ఏం బాడీ?’’ అన్నాడు. నన్ను నేను కిందికీ పైకీ చూసుకున్నాను. ‘‘సొంత బాడీయా, అద్దెదా?’’ అన్నాక వెలిగింది, అడుగుతున్నది మీ గురించని. అద్దెదన్నాను. ‘‘మెయిన్ చేశావా?’’ చేయలేదన్నాను. మెయిన్ కెమెరా ఇవ్వాలంటే అనుభవం ఉండాలట, అనుభవం రావాలంటే మెయిన్ కెమెరా పట్టాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెత పెళ్లి ఫోటోలు తీసేవాళ్ల కోసమే పుట్టిందని ఆరోజు తెలిసింది.

చివరికి లైటు చేతికిచ్చాడు. పెళ్లికూతురి ముఖం వెలిగేలా, నా ముఖం ఏ ఫ్రేములోనూ పడకుండా, ఆ ఎల్‌ఈడీ లైటు పైకెత్తి నాలుగు గంటలు నిలబడటమే ఉద్యోగం. ఈవెంటుకు 500, భోజనం. భోజనమంటే వంటవాళ్లు గుండిగలు కడిగే వేళకి అడుగున మిగిలిన పులిహోర.

అందుకే సొంతంగా దిగాను, మిమ్మల్ని నమ్ముకుని. మీరు మాత్రం నన్ను నమ్మలేదు. ఒరిజినల్ ఆధార్, ఖాళీ చెక్కు, తెలిసినవాళ్ల ఫోన్ నంబర్లు రెండు. మా నాన్న నన్ను కాలేజీలో చేర్చినప్పుడు కూడా ఇన్ని అడగలేదు. నా మొదటి రిసెప్షనుకి 2,500 ఒప్పుకున్నాను. అందులో 1,500 మీకు, 600 మీ లెన్సు గారికి. ఆయన వేరే కాపురం. మిగిలిన 400లో బండికి పెట్రోలు, ఎడిటింగ్ చేసిన కుర్రాడికి ఛాయ్. పని చేసింది ముగ్గురం, జీతం తీసుకున్నది మీరిద్దరు.

మీ అద్దె లెక్క పదింటికి మొదలై మర్నాడు పదింటికి తీరుతుంది. దాన్ని రాసినవాడు మన పెళ్లి ఎప్పుడూ చూసినట్టు లేడు. రాత్రి ఏడుకి రిసెప్షను, తెల్లవారుజామున 3:42కి జీలకర్ర బెల్లం, ఆపైన తలంబ్రాలు, బిందెలో ఉంగరం. అప్పగింతలకు పదకొండు. ఆ ఒక్క గంటకీ రెండో రోజు అద్దె పడింది. అప్పగింతల్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే. పెళ్లికూతురి మేనత్త నా భుజం తట్టి, ‘‘పిల్లాడిది ఎంత మెత్తని మనసమ్మా’’ అంది.

ఆ 3:42 సంగతి చెప్పాలి. తెర దించారు. రెండేళ్లుగా ఎదురుచూసిన క్షణం. సరిగ్గా అప్పుడే నా ముందు పదకొండు ఫోన్లు లేచాయి. వాటిలో ఒకటి మా బాబాయిది. ‘‘ఒరేయ్, నీదెన్ని మెగాపిక్సెళ్లు?’’ అన్నాడు వెనక్కి తిరిగి. 24 అన్నాను. ‘‘నాది 200’’ అని మళ్లీ అడ్డం నిలబడ్డాడు. నిజానికి ఆ రాత్రి మీవి 24 కూడా కావు. మీతో నాకు ముందు కాపురం చేసినవాడెవడో మిమ్మల్ని ఏపీఎస్-సీ క్రాప్‌లో, అంటే అంచులు కోసేసి నడిమి భాగమే తీసే సెట్టింగులో పెట్టి వదిలేశాడు. స్టేజీ మొత్తం ఎందుకు పట్టడం లేదా అని నేను వెనక్కి వెనక్కి నడిచి ఐస్‌క్రీం స్టాలు దాకా పోయాను. వచ్చినవి 10 మెగాపిక్సెళ్లు. ఆల్బం డిజైనరు చూసి, ‘‘అన్నా, ఇవి ఫోన్‌లో తీసినవా?’’ అన్నాడు. మెనూ చూసుకోకపోవడం నా తప్పే, కాదనను. కానీ 1,83,000 క్లిక్కుల అనుభవజ్ఞులు, ఒక్క మాట చెప్పకూడదా?

ఏవో నాలుగు ఫోటోలు బాగా కుదిరాయి. వాటిని చూసి చుట్టాలంతా ఒకటే మాట: ‘‘ఏ కెమెరారా ఇది? ఎంతవుతుంది?’’ మిగతావి మసకగా ఉంటే, ‘‘కుర్రాడికి ఇంకా చేయి తిరగలేదు.’’ బాగుంటే మీరు, బాగులేకపోతే నేను. ఈ ఒప్పందం మీద నేనెక్కడా సంతకం పెట్టిన గుర్తు లేదు. ఆ ఖాళీ చెక్కు మీద తప్ప.

పోనీ ఫోటో మీద హక్కయినా నాదేనా అని చూశాను. 1957 నాటి కాపీరైట్ చట్టం, 17వ సెక్షన్. వేరే ఒప్పందమేదీ లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లదే ఫోటో మీద మొదటి హక్కు. ఈ లెక్కన మా బాబాయి కూతురి పెళ్లి ఫోటోల మీద సర్వహక్కులూ నావే. ఆయన ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఈమధ్య మూఢం వచ్చింది. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా కనిపించి ఆ వెలుగులో కలిసిపోతే మూఢమంటారు పంచాంగంలో. మన భాషలో ఓవర్ ఎక్స్‌పోజర్. పైన ఒక గ్రహం ఓవరయితే కింద పెళ్లిళ్లు ఆగుతాయి, పెళ్లిళ్లు ఆగితే నా బండి కిస్తీ ఆగుతుంది. మీకేం, సిలికా జెల్ మధ్య నిద్ర.

ఆ ఖాళీలోనే రాజా దీన్‌దయాళ్ గురించి చదివాను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూ 1874లో ఫోటోగ్రఫీ మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకి 30 ఏళ్లు. ఆనక మన హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరయ్యాడు. నిజాం ఇచ్చిన బిరుదు ‘రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్’. కెమెరా గారూ, మీరు మరోలా అనుకోవద్దు గానీ, ఆ బిరుదు ఇచ్చింది మనిషికి. మీ ముత్తాత ఫిల్ముకు బదులు గాజు పలకలు మింగుతూ పక్కన ఊరికే నిలబడ్డాడు.

మాఘంలో సూర్యాపేటలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. ఆ రెండు రోజులూ, కాదు, మూడు రోజులూ తమరు ఖాళీగా ఉండవలెనని ప్రార్థన. ఆ క్రాప్ తీసేసి ఉంచమని అక్కడెవరికైనా చెప్పగలరు. ఆధార్ తీసుకురావడం లేదు, పోయినసారిదే ఇంకా మీ దగ్గరుంది.

ఇట్లు,
తమ విధేయుడు.

తా.క.: ఇది ముగించేలోగా ఇంకో స్టూడియో నుంచి ఫోనొచ్చింది. అనుభవం ఎంతన్నారు. 1,83,000 క్లిక్కులన్నాను, ఎవరివో చెప్పలేదు. వెంటనే వచ్చి చేరమన్నారు. ఏం పనండీ అంటే, లైటు పట్టుకోవాలట.