అత్తారింట్లో ఒక్క సెల్ఫ్‌కే

కొత్త కారు బానెట్ ఎత్తితే ఎవరూ దగ్గరికి రారు. గీత పడితే మన మీదికొస్తుందని భయం. అదే 2,38,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ కారు బానెట్ ఎత్తి చూడండి, పాలవాడు కూడా బండి స్టాండేసి లోపలికి తల దూరుస్తాడు. దూర్చి ఊరుకోడు. "పికప్ ఎలా ఉంది?" అని అడుగుతాడు. స్టార్టే కాని బండికి పికప్ ఏమిటని మనం అడగకూడదు.

మాది విశాఖపట్నం, పెదవాల్తేరులో మిట్టకు ఎక్కే సందు. కారు పెట్టుకోవడానికి ప్రహరీ పక్కన జానెడు చోటు. మూతి మిట్ట వైపు, డిక్కీ పల్లం వైపు పెట్టి, చక్రం కింద రాయి వేసి పడుకోవడం మా వీధి ఆచారం.

కారు జబ్బు ఏమిటంటే, పొద్దున్న సెల్ఫ్ కొడితే ఇంజిను తిరుగుతుంది గానీ అందుకోదు. కొట్టగా కొట్టగా, వీధంతా నిద్ర లేచాక, ఒకసారి దగ్గి, తెల్లటి పొగ వదిలి, వణుక్కుంటూ అందుకుంటుంది. ఆ తర్వాత రోజంతా దానంత బుద్ధిమంతురాలు లేదు. మధ్యాహ్నం ఎక్కడ ఆపినా తాళం తిప్పగానే స్టార్ట్. మళ్లీ మర్నాడు పొద్దున్న మామూలే.

ముందు బ్యాటరీ షాపాయన వచ్చాడు. మీటర్ పెట్టి, పెదవి విరిచి, "వీకండి" అన్నాడు. పాతది ఆయన పట్టుకెళ్లి కొత్తది వేశాడు. తేడా స్పష్టంగా కనిపించింది. అంతకుముందు నీరసంగా స్టార్ట్ కాని కారు, ఇప్పుడు మహా హుషారుగా స్టార్ట్ కావడం మానేసింది.

తర్వాత ఎలక్ట్రీషియన్. హీటర్ ప్లగ్గులు పోయాయన్నాడు. డీజిల్ ఇంజినులో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోని గాలిని పదహారో పదిహేడో వంతుకు నొక్కేస్తే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. బాగా చలిగా ఉంటే ఆ వేడి చాలదు కాబట్టి ముందుగా కాస్త వెచ్చబెట్టడానికి హీటర్ ప్లగ్గులు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున కారు మొండికేసిందంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. మే నెలలో, ఆరింటికే చొక్కా వీపుకి అంటుకుపోయే మా ఉక్కపోతలో, ఇంజినుకి చలేస్తోందంటే ఎలా? అయినా ఆయన మాటలో ఉన్న ధైర్యం ముందు మన తర్కం నిలబడదు. నాలుగు ప్లగ్గులూ మారాయి. కారు మారలేదు.

ఎదురింటి బాబాయిగారు అప్పటిదాకా పేపరు చాటు నుంచి చూస్తూనే ఉన్నారు. ఆయన ఇక్కడి రైల్వే డీజిల్ లోకో షెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. పేపరు మడిచి, రోడ్డు దాటి, బానెట్‌లోకి తొంగిచూసి, "ఇదేనా ఇంజిను?" అన్నారు. చిన్నబుచ్చుకున్నాను గానీ ఆయన తప్పేం లేదు. ఆయన చేతుల మీద నడిచినవి 16 సిలిండర్లవి, 2,600 హార్స్‌పవర్‌వి. మా నాలుగు సిలిండర్లు ఆయన కంటికి ఆనలేదు.

"దీనికి మందొకటే," అన్నారు. "ఆపకండి."

"అంటే?"

"ఆపితేనే కదా స్టార్ట్ చేయాల్సొచ్చేది. మా ఇంజిన్లు స్టేషన్లో గంటలకొద్దీ నిలబడినా ఆపేవాళ్లం కాదు. ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని."

సిద్ధాంతపరంగా ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. డీజిల్ ఖర్చు రైల్వేది కాదు, నాది. అదొక్కటే ఇబ్బంది.

ఆ ఆదివారం మా బావమరిది వచ్చాడు. "ఇంకా ఏ కాలంలో ఉన్నావు బావా? కారుకేమైందో కారే చెబుతుంది," అని ఆన్‌లైన్లో తెప్పించిన అగ్గిపెట్టెంత వస్తువొకటి స్టీరింగ్ కింద గుచ్చి, ఫోన్లో యాప్ తెరిచాడు. పి0087 అని కోడ్ వచ్చింది. ఫ్యూయల్ రైల్ ప్రెషర్ మరీ తక్కువట. మావాడు చెప్పింది ఇదీ: ఈ రకం ఇంజినులో పంపు డీజిల్‌ని తొక్కి ఒక లావాటి గొట్టంలో పెడుతుంది, నాలుగు నాజిళ్లూ అక్కణ్ణించే తీసుకుంటాయి. గట్టిగా తోలేటప్పుడు అందులో ఒత్తిడి 1,600 బార్ దాకా వెళ్తుంది. స్టార్ట్ కావడానికే కనీసం రెండొందలైనా లేకపోతే కంప్యూటర్ నాజిళ్లను తెరవనివ్వదు. మేం సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఫోన్లో అంకె ఎనభై దగ్గరే తారట్లాడింది.

"మరి ఎందుకు తక్కువుందిరా?"

"అది చెప్పాలంటే ప్రీమియం తీసుకోవాలి బావా."

పొగ మీద వీధిలో వేరే కమిటీ నడిచింది. నల్లపొగ వస్తే గాలి చాలక డీజిల్ ఎక్కువైనట్టు, నీలిపొగ వస్తే ఇంజినాయిల్ కాలుతున్నట్టు, తెల్లపొగ వస్తే డీజిల్ మండకుండానే బయటికి పోతున్నట్టు, లేదా నీళ్లు సిలిండర్‌లో దూరినట్టు. ఇది నిజమే, మెకానిక్కులందరూ చెప్పేదే. మా దగ్గర తిరకాసెక్కడొచ్చిందంటే, అదే పొగని మేడ మీంచి చూసినవాళ్లు నీలం అన్నారు, కిందనున్నవాళ్లు తెలుపన్నారు. దాంతో ఒకాయన ఇంజిను బోరుకొచ్చిందని తేల్చేశాడు. నేను ఇంజిను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి చూపించాను. రింగులు అరిగిపోతే అందులోంచి గుప్పుగుప్పున గాలి తన్నాలి. తన్నలేదు. ఆయన కాస్త నిరాశపడి, "ఇప్పుడు తన్నట్లేదు," అని వెళ్లిపోయాడు.

కార్ల బ్రోకర్ వాసన పట్టి వచ్చాడు. "ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరక్కూడదని 2015లోనే హరిత ట్రిబ్యునల్ చెప్పేసిందండి. ఇప్పుడే అమ్ముకోండి," అన్నాడు. మేం ఢిల్లీ వెళ్లట్లేదు బాబూ, అనకాపల్లి వెళ్తున్నాం అని చెప్పి పంపించాను.

అనకాపల్లి మా అత్తగారి ఊరు. అసలు విడ్డూరం అక్కడుంది. ఇంటి దగ్గర ఇన్ని వేషాలేసే కారు, అక్కడ రాత్రంతా ఉండి పొద్దున్న తాళం తిప్పితే ఒక్క సెల్ఫ్‌కే అందుకునేది. ఒకసారి కాదు, వెళ్లినప్పుడల్లా అంతే. మా మామగారు మొదటిసారి నవ్వి ఊరుకున్నారు. తర్వాత్తర్వాత, "కారు బానే ఉందే! మీరేమో అక్కడ స్టార్ట్ కాదంటారు," అనడం మొదలుపెట్టారు. పండక్కి రావడం ఎగ్గొట్టడానికి నేను కారు మీద నేరం మోపుతున్నానని ఆయన అనుమానం. మా ఆవిడకి మాత్రం ఇందులో ఏ సందేహమూ లేదు. "కారుక్కూడా మా పుట్టిల్లంటేనే ఇష్టం," అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

చివరికి కారుని గాజువాక ఆటోనగర్ పట్టుకెళ్లాం. డీజిల్ పంపుల షాపులో బానెట్ ఎత్తకముందే పంపు పోయిందన్నారు. నలభై వేలవుతుందన్నారు. కనీసం నాజిళ్లయినా చూడండని బతిమాలితే, నాలుగింటి రిటర్న్ పైపులకీ నాలుగు చిన్న సీసాలు తగిలించి ఇంజిను నడిపారు. ఏ నాజిల్ పాడైతే దాని సీసా తొందరగా నిండుతుంది. నాలుగూ సమానంగా నిండాయి. "చూశారా, నాజిళ్లు బాగున్నాయి. అంటే పంపే," అన్నారు. నాజిళ్లు బాగాలేకపోయినా పంపే అనేవారని నాకెందుకో అనిపించింది. పంపుల షాపుకి వెళ్తే పంపు, బ్యాటరీ షాపుకి వెళ్తే బ్యాటరీ. ఆ లెక్కన టైర్ల షాపుకి వెళ్లకపోవడం మా పూర్వజన్మ సుకృతం.

రేపొస్తామని చెప్పి బయటపడ్డాం. నాలుగు షాపుల అవతల లారీల మధ్య ఒక రేకుల షెడ్డు. అందులో మెకానిక్ టీ తాగుతున్నాడు. నేను వెళ్లి బ్యాటరీ మొదలుకొని పి0087 దాకా కథంతా వరసగా చెప్పాను. ఆయన టీ తాగుతూనే విన్నాడు, లేవలేదు. మా ఆవిడకి విసుగొచ్చి, "దానికేం రోగం లేదండీ. మా అమ్మగారింట్లో ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుద్ది. ఈయనింట్లోనే పడట్లేదు," అంది.

ఆయన గ్లాసు పక్కన పెట్టేశాడు.

"మీ అమ్మగారింటికాడ బండెలా పెడతారమ్మా? మూతి కిందికా, మీదకా?"

మా ఆవిడ ఆలోచించింది. వాళ్ల వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసి, వేసి, ఇల్లు గుంతలో పడింది. గేటు దాటితే వాకిలి పల్లంలోకి దిగుతుంది. కారు ముందుకే దించుతాం కాబట్టి మూతి కిందికి.

"మీ ఇంటికాడ మీదకి. అంతేనా?"

అంతే.

"అక్కడ బండి కింద మరకేమన్నా పడతాదా?"

ఈసారి మా ఆవిడ నా వైపు చూసింది. కారు తీసుకెళ్లినప్పుడల్లా వాకిట్లో అర్ధరూపాయంత మరక పడుతోందనీ, కిరసనాయిలు కంపనీ, ముగ్గు పక్కకి జరిపి వేసుకోవాల్సొస్తోందనీ మా అత్తగారు ఎప్పటినుంచో చెబుతున్నారు. ముసలి కారు, ఎక్కడో ఆయిలు కారుతుందిలే అని అందరం వదిలేశాం.

"ఎయిర్ పడతాంది," అన్నాడాయన. లోపలికెళ్లి తాపీమేస్త్రీలు లెవెల్ చూసుకునే తెల్ల గొట్టం ముక్కొకటి తెచ్చి, డీజిల్ ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య తగిలించి, సెల్ఫ్ కొట్టమన్నాడు. గొట్టంలో డీజిల్ వెంట బుడగలు వరసగా పోతున్నాయి. మా కారులో ట్యాంకు దగ్గర పంపు లేదు, ఇంజిను దగ్గరున్న పంపే అంత దూరం నుంచి డీజిల్‌ని పీల్చుకోవాలి. చీలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు, దానికి డీజిల్ కంటే గాలే ఎక్కువ దొరుకుతోంది. గాలిని ఎంత నొక్కినా నలిగి ఊరుకుంటుంది తప్ప ప్రెషర్ పెరగదు.

మూతి మిట్ట వైపుంటే ట్యాంకు పల్లంలో ఉంటుంది. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే బిరడా దగ్గరున్న రబ్బరు రింగు ఎండి పగిలింది. రాత్రంతా ఆ పగులులోంచి గాలి దూరి, పైపులో డీజిల్ నెమ్మదిగా ట్యాంకులోకి వెనక్కి జారుకునేది. బయటికి చుక్క కూడా కారదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అత్తారింట్లో ట్యాంకు ఎత్తులో, ఇంజిను పల్లంలో. డీజిల్ దానంతటదే ముందుకొచ్చి నిండుగా ఉండేది. ఎక్కువైంది అదే పగులులోంచి మా అత్తగారి ముగ్గు మీద పడేది.

రింగు నలభై రూపాయలు. ఫిల్టర్ ఎటూ మార్చాల్సిందేనని అదీ మార్చి, రెండు క్లిప్పులు బిగించి, చేతి పంపుతో గాలి తీసేశాడు. కూలీ మూడొందలు. ఆ మూడొందలూ సగం మా ఆవిడకివ్వాలని ఆయనే అన్నాడు. ఆవిడ ఆ మాటని జోకుగా తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్న మిట్ట మీద ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. బాబాయిగారు రోడ్డు దాటి వచ్చి, ఎయిర్ అని తనకి మొదటిరోజే అనిపించిందన్నారు. బావమరిది ఫోన్ చేసి, ప్రెషర్ తక్కువని చెప్పింది తన యాపే కదా అన్నాడు. మామగారు మాత్రం ఇప్పటికీ నమ్మలేదు. కారు బాగైపోయింది కదా, ఇక సంక్రాంతికి ఏం చెబుతారో చూస్తానని మా ఆవిడతో అన్నారట.

మొన్న బీచ్ రోడ్డులో వానకి నిలబడిపోతే బ్యాటరీ షాపాయన కనపడి తన కారులో ఎక్కించుకున్నాడు. పాత కారే, అయినా తాళం తిప్పీ తిప్పగానే లేచింది. బ్యాటరీ భలే ఉందండీ అన్నాను.

"ఉండదా మరి," అన్నాడాయన వైపర్ వేస్తూ, "మీదే కదా."